మోకాళ్ల పాఠం

శామీర్‌పేట చెరువుకు దగ్గర్లో ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ టీచరమ్మకు రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. అమెరికాలో ఉన్న కూతురు గ్లూకోసమిన్ మాత్రలు పంపింది. మూడు సీసాలు అయిపోయాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మాత్రం తప్పలేదు.

మేడ్చల్‌లో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. గుజ్జు అరిగిందని, ఆపరేషన్ దాకా పోనక్కర్లేదని చెప్పాడు. ఆమె నాలుగో సీసా తీసి బల్ల మీద పెట్టింది.

“ఈ మందు మీద అమెరికా ప్రభుత్వమే డబ్బు పెట్టి పరీక్ష చేయించిందమ్మా. 1,583 మంది రోగులు. 2006లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చూస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే ఇది ఎక్కువ పని చేయలేదు. మీరు ఒళ్లు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ కండరాలకు బలం రావాలి. నేల మీద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు.”

టీచరమ్మ సీసా బీరువాలో పెట్టేసి, డాక్టరు మాట పట్టుకుంది. రాత్రి అన్నం మానేసింది. రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పుతో సరి. పొద్దున్నే కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టి దించేది. సాయంత్రం చెరువు వైపు నడక.

ఇల్లు కూడా మారింది. కత్తిపీట అటకెక్కింది. కూరగాయలు తరిగే పని బల్ల మీదికి వచ్చింది. దేవుడి మందిరం నడుమెత్తుకు లేచింది. పూజకు వేసుకునే పీట పోయి కుర్చీ వచ్చింది.

ఆరు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. ఒకరోజు గోడ ముట్టుకోకుండా మెట్లు దిగింది.

తనకు తెలిసింది నలుగురికీ చెప్పాలనుకుంది. ఆదివారం కాలనీ ఆడవాళ్లను పిలిచి, హాలు నిండా కుర్చీలు వేయించింది. అందరికీ రాగిజావ ఇప్పించింది.

“యాభై దాటితే ఈ అరుగుదల మగవాళ్లకంటే మనకే ఎక్కువ. కూర్చుని లేచే పనులన్నీ మనవే. గొంతుక్కూర్చున్న ప్రతిసారీ ఒంటి బరువుకు కొన్ని రెట్ల భారం మోకాలి మీద పడుతుంది. ఇవాళ్టి నుంచి మన ఇళ్లలో ఏ ఆడదీ నేల మీద గొంతుక్కూర్చుని పని చేయకూడదు.”

చప్పట్లు మోగాయి.

అందరూ వెళ్లాక పనామె కుర్చీలు పక్కకు జరిపింది. బకెట్టు, తడిగుడ్డ తెచ్చింది. ఒలికిన జావ తుడిచింది. ఆ మూల నుంచి గుమ్మం దాకా వెనక్కి జరుగుతూ హాలంతా తుడిచి, గోడ పట్టుకుని లేచింది.

“అమ్మా, మీరు చెప్పిందంత విన్న. నాకు గూడ మోకాళ్లు గుంజుతున్నయి. కట్టె ఉన్న మాపు ఒకటి తెప్పిస్తరా? నిలబడి తుడుస్త.”

టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. లోపలికి వెళ్లి బీరువా తీసింది. సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

“కట్టెతో తుడిస్తే మూలలు రావే. ఇవి వేసుకో, అమెరికావి.”