మూడో ముక్క

తేదీల లెక్క నాకు కొట్టినపిండి అనుకునే రోజుల్లో చేసిన తెలివితక్కువ పని ఇది. తొంభైల్లో వాక్స్ కంప్యూటర్ల మీద వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. డిపాజిట్లు తీసుకునే ఒక సంస్థకి వడ్డీ లెక్కగట్టే ప్రోగ్రాం నాకు అప్పగించారు.

రోజులు లెక్కించడానికి వీఎంఎస్‌లోనే లిబ్-డాలర్-డే అనే రొటీన్ ఉంది. సిస్టమ్ టైమ్ ఇస్తే, 1858 నవంబర్ 17 నుంచి అప్పటికి ఎన్ని రోజులైందో చెబుతుంది. రెండు తేదీలకీ పిలిచి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే సరి. ఆ 1858 ఏమిటో అర్థంకాక ఆ రొటీన్‌ని పక్కన పెట్టేశాను. అది ఖగోళ శాస్త్రజ్ఞుల సున్నా. 1957లో స్పుత్నిక్ జాడ తీస్తున్న స్మిత్‌సోనియన్ అబ్జర్వేటరీ వాళ్లు, జూలియన్ రోజుల సంఖ్య మరీ పొడవుగా ఉందని అందులోంచి 24,00,000.5 తీసేసి వాడుకున్నారు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అంత ఆలోచించి కట్టిన రొటీన్‌ని కాదని సొంతంగా ఒకటి రాశాను. నాలుగుతో భాగిస్తే శేషం రాకపోతే లీపు సంవత్సరం, వందతో కూడా రాకపోతే కాదు. నాలుగువందలతో కూడా రాకపోతే మళ్లీ లీపే అన్న మూడో ముక్క నాకు తెలియదు. నాలుగు సూత్రం ఒక్కటే తెలిసినవాడు రాసినా 2000లో లెక్క సరిగ్గానే వచ్చేది. సగం తెలిసిన నేనే చెడగొట్టాను.

2000 జనవరి 1 ఏ గొడవా లేకుండా గడిచింది. మార్చిలో ఒక పెద్దాయన రసీదు వెనక పెన్సిల్‌తో రోజులు లెక్కేసుకుని వచ్చారు. "బాబూ, ఒక రోజు తగ్గినట్టుంది, చూస్తారా?" అన్నారు. "కంప్యూటర్ లెక్కండీ, తప్పుండదు" అని చూడకుండానే పంపించేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది.

సాయంత్రం మనసాగక పరీక్షించాను. ఫిబ్రవరి 28 నుంచి మార్చి 1కి నా రొటీన్ ఒక్క రోజంది. లిబ్-డాలర్-డే 51,602, 51,604 ఇచ్చింది. రెండు రోజులు. పది శాతం వడ్డీ మీద లక్ష రూపాయలకి ఆ ఒక్క రోజు విలువ 27 రూపాయల 40 పైసలు. తగ్గినవన్నీ మళ్లీ లెక్కగట్టి చెల్లించారు. పెద్దాయన ఇంటికి నేనే వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను.

తేదీలతో పని చేసేవాళ్లకి నా మనవి: సిస్టమ్‌లో ఉన్న రొటీన్‌నే పిలవండి. సొంతంగా రాయక తప్పకపోతే 1900, 2000, 2100 ఫిబ్రవరి నెలాఖరులు పెట్టి దానితో సరిచూడండి. ఎవరైనా కాగితం మీద లెక్క తెస్తే ముందు అది చదవండి.