ఒక బ్లోఅవుట్ ప్రివెంటర్ ఆత్మకథ

సముద్రం అడుగున తవ్విన చమురు బావి మూతి మీద బిగించే ఉక్కు కవాటాల దొంతరను బ్లోఅవుట్ ప్రివెంటర్ అంటారు. భూగర్భంలోని చమురు, గ్యాసు అదుపు తప్పి ఒక్కసారిగా పైకి ఎగదన్నడమే బ్లోఅవుట్. కోనసీమ వాసులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అలాగే ఎగదన్ని వారాల తరబడి మండింది. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న ప్రివెంటర్ పనిచేసింది మెక్సికో సింధుశాఖలో, అమెరికాలోని లూసియానా తీరానికి సుమారు 66 కిలోమీటర్ల దూరాన, 1,500 మీటర్ల లోతున. బావి పేరు మకాండో. పైన తేలే రిగ్గు డీప్‌వాటర్ హొరైజన్. కోర్టు విచారణల్లో సాక్ష్యంగా నిలిచిన వస్తువు గనుక ఇది తనను తాను ‘ఈ యంత్రం’ అనే చెప్పుకుంటుంది.

ఈ యంత్రం అయిదంతస్తుల మేడంత ఎత్తు, వందల టన్నుల బరువు. హ్యూస్టన్‌కు చెందిన కామెరాన్ కంపెనీ తయారీ. పై భాగంలో పైపు చుట్టూ బిగుసుకునే రబ్బరు వలయాలు రెండు, కింద ఎదురెదురుగా వచ్చి మూసుకునే ఉక్కు ర్యామ్‌లు అయిదు. వాటిలో ప్రాణం వంటిది బ్లైండ్ షియర్ ర్యామ్. దాని కత్తులు పైపును అడ్డంగా కోసి బావిని మూసేస్తాయి. నీలం, పసుపు పేర్లతో రెండు కంట్రోల్ పాడ్‌లున్నాయి. రిగ్గుతో సంబంధాలన్నీ తెగిపోతే, పాడ్‌లలోని బ్యాటరీల బలంతో కత్తులు వాటంతట అవే కదలాలి. అట్టడుగు ర్యామ్‌ను మాత్రం పరీక్షలు తేలికవుతాయని ముందే మార్చేశారు. మార్చాక అది పైనుంచి వచ్చే ఒత్తిడిని ఆపుతుంది, కిందినుంచి వచ్చేదాన్ని ఆపదు. ప్రమాదమంతా కిందినుంచే వస్తుంది.

యంత్రం సంగతి ఇలా ఉంటే, దాని మీద అజమాయిషీ సంగతి ఇంకా చిక్కు. రిగ్గును 2001లో దక్షిణ కొరియాలోని ఉల్సాన్ యార్డులో హ్యుందాయ్ కట్టింది. యజమాని ట్రాన్స్‌ఓషన్, ప్రధాన కార్యాలయం స్విట్జర్లాండ్‌లో. రిగ్గు మీద ఎగిరేది పసిఫిక్‌లోని మార్షల్ దీవుల జెండా. బావిలో 65 శాతం వాటాతో దాన్ని నడిపింది లండన్ కంపెనీ బీపీ. 25 శాతం అమెరికాకు చెందిన అనడార్కోది, 10 శాతం జపాన్ మిత్సుయి అనుబంధ సంస్థది. సముద్రగర్భం మాత్రం అమెరికా ప్రభుత్వానిది. ఖండపు అరుగు మీద, అంటే తీరానికి ఆనుకుని నీటికింద సాగే నేల మీద, డ్రిల్లింగుకు అనుమతి ఇచ్చే హక్కు తీరదేశానికి ఒక్కదానికే ఉంటుంది. కాబట్టి కాపలా బాధ్యతా దానిదే. కానీ రిగ్గు చట్టప్రకారం ఓడ. ఓడ భద్రతకు పూచీ జెండా దేశానిది. మార్షల్ దీవుల ప్రభుత్వం ఆ పూచీని ఓడలను పరీక్షించి ధ్రువీకరించే ప్రైవేటు వర్గీకరణ సంస్థల చేతిలో పెట్టేసింది. విదేశీ జెండా రిగ్గులను అమెరికా కోస్ట్‌గార్డ్ తన దేశపు రిగ్గులంత లోతుగా తనిఖీ చేసేది కాదు. 2011లో కోస్ట్‌గార్డ్ సొంత నివేదికే ఈ ఏర్పాటును తప్పుపట్టింది.

బావికి అనుమతులిచ్చిన సంస్థ ఖనిజ నిర్వహణ సర్వీసు, అంటే ఎంఎంఎస్. 1982లో పుట్టిన ఆ ఒక్క కార్యాలయమే సముద్రపు బ్లాకులు లీజుకిచ్చేది, రాయల్టీ వసూలు చేసేది, భద్రతా చూసేది. ఖజానాకు ఏటా వందల కోట్ల డాలర్లు తెచ్చిపెట్టే చేతితోనే పని ఆపించమంటే ఆ చేయి లేవదు. సింధుశాఖలోని సుమారు 3,000 ప్లాట్‌ఫారాలకు ఇన్‌స్పెక్టర్లు అరవై మందికి లోపే. కొందరు ఉద్యోగులు తాము అదుపు చేయవలసిన కంపెనీల నుంచే కానుకలు తీసుకున్నారని 2008, 2010 నివేదికల్లో అంతర్గత విచారణాధికారి బయటపెట్టారు.

కాగితం మీద నిబంధనలకు కొదవ లేదు. షియర్ ర్యామ్ ఆ బావిలోని పైపును కోయగలదని కంపెనీ రుజువు చూపాలి. ఆ రుజువు అడగకుండానే అనుమతి ఇచ్చానని ఎంఎంఎస్ ఇంజినీరు ఒకరు విచారణలో ఒప్పుకున్నారు. ప్రివెంటర్‌ను మూడు నుంచి అయిదేళ్లకోసారి పూర్తిగా విప్పి చూడాలన్న నియమమూ ఈ యంత్రం విషయంలో అమలు కాలేదు. మకాండో ప్రణాళికకు 2009లో వివరమైన పర్యావరణ సమీక్ష నుంచి మినహాయింపు దొరికింది. చమురు తెట్టు వస్తే ఏం చేయాలో చెప్పే బీపీ ప్రాంతీయ పత్రంలో వాల్రస్‌ల రక్షణ గురించి రాశారు. వెచ్చని సింధుశాఖలో వాల్రస్‌లు ఉండవు. సంప్రదించవలసిన నిపుణుల్లో ఒకరు 2005లోనే చనిపోయారు. ఆ పత్రానికీ ఆమోదముద్ర పడింది. దాన్ని ఆసాంతం చదివిన అధికారి ఉన్నాడని నమ్మడం కష్టం.

2010 ఏప్రిల్ 20 రాత్రి పదింటికి కొద్ది నిమిషాల ముందు గ్యాసు రిగ్గు మీదికి ఎగదన్ని అంటుకుంది. రిగ్గు మీదున్న 126 మందిలో 11 మంది చనిపోయారు. ఏప్రిల్ 22న రిగ్గు మునిగింది. కింద ఈ యంత్రంలో జరిగింది ఇది: బావి ఒత్తిడికి డ్రిల్ పైపు లోపలే వంగి, మధ్యలో ఉండవలసింది ఒక పక్కకు ఒరిగింది. కత్తులు మూసుకున్నాయి గానీ పైపులో కొంత భాగం వాటి అంచు దాటి ఇరుక్కుంది. కోత పూర్తికాలేదు, మిగిలిన సందులోంచి చమురు తన్నుకొచ్చింది. నీలం పాడ్‌లో వైరింగ్ తప్పు వల్ల బ్యాటరీ నీరసించి ఉందని, పసుపు పాడ్‌లోనూ వైరింగ్ లోపం ఉందని అమెరికా రసాయన భద్రతా మండలి 2014లో తేల్చింది. కత్తులు ఆ రాత్రే కదిలాయా, రెండు రోజుల తరువాతా అన్నదానిపై దర్యాప్తు నివేదికలు ఏకీభవించలేదు.

తరువాతి 87 రోజులు ప్రభుత్వ నిస్సహాయత బట్టబయలైంది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలకబోశాక వచ్చిన 1990 చట్టం ప్రకారం శుభ్రం చేయవలసింది కాలుష్యం చేసినవాడు, పర్యవేక్షించవలసింది ప్రభుత్వం. అయితే అంత లోతుకు దిగే రోబోలు, కెమెరాలు, ఇంజినీర్లు కంపెనీల దగ్గరే ఉన్నాయి. బయటికి వచ్చే చమురు మొదట రోజుకు 1,000 పీపాలు అన్నారు, తరువాత 5,000. చివరికి ప్రభుత్వ శాస్త్రవేత్తలు మొదటి రోజుల ప్రవాహాన్ని రోజుకు 62,000 పీపాలుగా లెక్కకట్టారు. జులై 15న కొత్త మూత బిగిసింది. అదే చట్టం శుభ్రత ఖర్చు కాక మిగతా నష్టానికి అప్పట్లో విధించిన పరిమితి కేవలం 7.5 కోట్ల డాలర్లు. జూన్‌లో వైట్‌హౌస్ ఒత్తిడి మీద బీపీ 2,000 కోట్ల డాలర్ల పరిహార నిధికి ఒప్పుకుంది. చట్టం రాబట్టలేనిదాన్ని రాజకీయం రాబట్టింది. చిన్న కంపెనీ అయితే, మూటాముల్లె సర్దుకుపోతే, ఈ దారి కూడా ఉండేది కాదు.

సెప్టెంబరులో ఈ యంత్రాన్ని పైకి తీసి న్యూ ఆర్లియన్స్‌లోని నాసా ప్రాంగణానికి చేర్చి, విప్పి పరీక్షించారు. బీపీ 11 మరణాలకు నేరం ఒప్పుకుంది. 2014లో న్యాయమూర్తి కార్ల్ బార్బియర్ అది ఘోర నిర్లక్ష్యమని తీర్పిచ్చి, తప్పులో 67 శాతం బీపీకి, 30 శాతం ట్రాన్స్‌ఓషన్‌కు, సిమెంటు పని చేసిన హాలిబర్టన్‌కు 3 శాతం పంచారు. మరుసటి ఏడాది 2,080 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ప్రభుత్వ కార్యాలయానికి మాత్రం ఆ పంపకంలో వాటా పడలేదు.

ఎంఎంఎస్‌ను మూడు ముక్కలు చేశారు: 2011 అక్టోబరు నాటికి రాయల్టీ, లీజులు, భద్రత వేర్వేరు సంస్థలకు వెళ్లాయి. బ్రిటన్ ఈ పాఠం ముందే నేర్చింది. 1988లో పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫారం ప్రమాదంలో 167 మంది చనిపోయాక భద్రతను ఇంధన శాఖ నుంచి తప్పించి ఆరోగ్య భద్రతా సంస్థకు ఇచ్చింది. నార్వే 2004లో భద్రతను వేరుచేసింది. అమెరికాలో ప్రివెంటర్ల మీద కఠిన నిబంధన రావడానికి 2016 దాకా పట్టింది. 2019లో సడలించారు, 2023లో కొంత తిరిగి బిగించారు. ప్రభుత్వం మారినప్పుడల్లా కవాటం వదులవుతూ బిగుస్తూ ఉంది.

మకాండో మూతపడ్డ మరుసటి ఏడాది, 2011లో, బీపీ 720 కోట్ల డాలర్లకు రిలయన్స్ చమురు బ్లాకుల్లో 30 శాతం వాటా కొన్నది. వాటిలో ముఖ్యమైనది కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న కేజీ–డీ6. అక్కడి బావుల మూతుల మీదా ఈ యంత్రం జాతివే దిగుతాయి. మనదేశంలో సముద్రపు చమురు పనులకు 2008 భద్రతా నియమాలున్నాయి. వాటిని అమలు చేసేది చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్. అది పనిచేసేది, బ్లాకులు కేటాయించి ఉత్పత్తి పెంచమని కంపెనీలను తొందరపెట్టే పెట్రోలియం మంత్రిత్వ శాఖ కిందనే.