ఆ వారం సంచిక దొరకలేదు

మా మనవరాలికి పదహారేళ్ళు. వేసవి సెలవులకని వచ్చి పది రోజులుంది. పది రోజులూ మంచం మీద బోర్లా పడుకుని ఒకటే చదువు. ఏం పుస్తకమే అంటే ‘ది సమ్మర్ ఐ టర్న్డ్ ప్రెటీ’ అంది. జెన్నీ హాన్ అనే అమెరికా రచయిత్రి 2009లో రాసిందట. హీరోయిన్ పేరు బెల్లీ. బెల్లీ అంటే పొట్ట కదే, పిల్లకి ఆ పేరేమిటి అన్నాను. ఇసబెల్‌ని ముద్దుగా అలా పిలుస్తారట. మన బుజ్జీ పండూ లాగానేలే అని ఊరుకున్నాను.

కథ చెప్పమన్నాను. తల్లి స్నేహితురాలికి సముద్రం ఒడ్డున ఇల్లు. ప్రతి వేసవికీ వీళ్ళు అక్కడికే వెళతారు. ఆవిడకి ఇద్దరు కొడుకులు. ఈ పిల్లకి చిన్నప్పటి నుంచీ పెద్దవాడి మీద మనసు. ఈ ఏడు వెళ్ళేసరికి అబ్బాయిల చూపు మారింది. చిన్నవాడిదీ మారింది, అదీ చిక్కు.

ఓస్, ఇంతేనా! పెళ్ళీడు పిల్ల ఊరెళ్ళి మనసు పారేసుకోవడం మాకు కొత్తా? మా ‘మీనా’ చేసిందేమిటి మరి? పట్నంలో పెత్తందారు తల్లి చాటున పెరిగిన పిల్ల, పల్లెటూళ్ళో బావ ఇంటికెళ్ళి తనెవరో తెలుసుకుని వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి రాసింది. మా కృష్ణా జిల్లా ఆవిడే, కాజ వాళ్ళది. 1973లో విజయనిర్మల దాన్ని సినిమాగా తీసింది. 2016లో అదే కథలా ఉన్న ‘అ ఆ’ సినిమాకి వెళ్ళి, తరవాత ఏం జరుగుతుందో నేను మా ఆయన చెవిలో ముందే చెబుతుంటే, ముందు సీటు కుర్రాడు వెనక్కి తిరిగి మరీ చూశాడు. రెండోసారి వచ్చిందనుకున్నాడు కాబోలు.

ఆ నవలలు మేం చదివిన తీరు చెబితే మా మనవరాలు నమ్మదు. గుడివాడలో మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టుండేది. రోజుకి పావలా. ఆ పావలాకి నలుగురం వాటాదార్లం. ఒకత్తి పొద్దున, ఒకత్తి మధ్యాహ్నం, ఇంకొకత్తి దీపాలు పెట్టే వేళకి. రాత్రి వాటా నాది. ఫిజిక్స్ రికార్డు మధ్యలో పెట్టుకుని చదివేదాన్ని. మా నాన్నగారు పిల్ల కష్టపడుతోందని మురిసిపోయేవారు. మా అమ్మ మురవలేదు. నేను బియ్యం డబ్బాలో దాచిన పుస్తకాన్ని తనూ తీసి చదువుతోందని నాకు తెలిసింది మరో ఏడాదికి. దాచినచోటు నుంచి తీసి, చదివి, మళ్ళీ అదే పేజీ దగ్గర ఆనవాలు పెట్టేది మహాతల్లి.

ఇప్పుడో? దాచేదెవరు, వద్దనేదెవరు? వాళ్ళమ్మే ఆన్‌లైన్‌లో తెప్పించి ఇచ్చింది. సరే, అదీ మంచికే అనుకుందాం. నా గొడవ అది కాదు. ఈ పుస్తకాలు చదివేవాళ్ళకి ఏ పనీ పెట్టవు. అదీ నా కడుపుమంట.

మొదటి వాక్యం నుంచీ ‘నేను’. నాకు గుండె దడదడలాడింది, నాకెందుకు దడదడలాడిందంటే, అది ప్రేమేనా లేక నా ఐడెంటిటీ వెతుక్కోవడమా... నాలుగు పేజీలు చదివించుకుని విన్నాను, ఇదీ వరస. ఐడెంటిటీ అంటే మాకు తెలిసింది కాలేజీ వాళ్ళిచ్చిన కార్డు. అందులో ఫొటో కూడా నాది కాదేమో అన్నట్టుండేది. అదే యద్దనపూడి రాసిన ‘సెక్రటరీ’ నవలలో రాజశేఖరం ఏమనుకుంటున్నాడో జయంతికి తెలీదు, మాకూ తెలీదు. తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడంటే, ఎందుకు చూశాడని నలుగురం కాలువ గట్టు మీద కూచుని సాయంత్రమంతా వాదించుకునేవాళ్ళం. ఓ రోజు ఆ వాదనలో ఒకత్తి అలిగి వాటా పావలాలో తన ఆరు పైసలు వెనక్కి అడిగింది.

అతని మొహం కూడా మేమే కల్పించుకున్నాం. ఆరడుగులు, కారు, కాస్త పొగరు, అంతవరకే మాకిచ్చారు. మిగతాది ఎవరిది వాళ్ళు పూర్తి చేసుకోవడమే. 1976లో సినిమా వచ్చి నాగేశ్వరరావు మొహం తగిలించాక నా రాజశేఖరం ఎటు పోయాడో మళ్ళీ కనపడలేదు. నాగేశ్వరరావు మీద నాకేం కోపం లేదు. కానీ అతను ఇతను కాదు.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి. అందం సంగతి. మా నవలల అట్టల మీద పిల్లలందరూ పాలలో ముంచి తీసినట్టుండేవాళ్ళు. నేను చామనఛాయ కంటే ఒక పట్టు ఎక్కువ. ‘నలుపయినా కళ గల మొహం’ అనేది మా మేనత్త, ఆ ‘అయినా’ దగ్గర కాస్త ఆగి మరీ. అఫ్గాన్ స్నో రాసుకుని అద్దం ముందు నిలబడితే గోడకి సున్నం కొట్టినట్టుండేది. రాజశేఖరాలు నాలాంటి వాళ్ళ కోసం ఆగరని ఏ నవలా చెప్పలేదు. చెప్పకుండానే తెలిసింది. పూర్తి చేసుకోమన్నవాటిలో అదీ ఒకటి కాబోలు.

మనవరాలు ఇంకో పుస్తకం చూపించింది. 2017లో సంధ్యా మీనన్ రాసిన ‘వెన్ డింపుల్ మెట్ రిషి’. అమెరికాలో పెరిగిన మనవాళ్ళ పిల్ల. కళ్ళజోడు తియ్యవే, కాస్త తయారవ్వవే అని తల్లి పోరు. పిల్లకి కంప్యూటర్ల గోల తప్ప ఇంకోటి పట్టదు. పెద్దవాళ్ళు లోపాయికారీగా కుదిర్చిన సంబంధం తాలూకు కుర్రాడు ఎదురొచ్చి, కాబోయే భార్యామణీ అన్నట్టు పలకరిస్తే, చేతిలో ఉన్న చల్లకాఫీ వాడి మీద కొట్టి పారిపోయింది.

నా పెళ్ళిచూపులప్పుడూ నా చేతిలో కాఫీ ఉంది. వేడిది. ఒకసారి కాదు, మూడుసార్లు, ముగ్గురికి. పిల్ల రంగు తక్కువని కబురు పంపిన మొదటాయన పెద్ద జరీ పంచె కట్టుకొచ్చాడు. ఆ పంచె మీద కాఫీ పొయ్యొచ్చని అప్పట్లో ఏ రచయిత్రీ నాకు చెప్పలేదు.

మూడో ఆయన కాఫీలో పంచదార తక్కువయిందన్నాడు. ఆయన్నే చేసుకున్నాను.

వెళ్ళేముందు రోజు మనవరాలు అటక మీద నా బైండు పుస్తకం తీసింది. వారపత్రికలో వచ్చిన సీరియల్ కాయితాలు చింపి దాచి, ప్రెస్సులో కుట్టించి అట్ట వేయించుకున్నది. తిరగేస్తూ మధ్యలో ఆగింది. ఇక్కడ ఒక వారం లేదేమిటి అమ్మమ్మా అంది. ఆ వారం సంచిక పక్కింటి అత్తయ్యగారు చదివి ఇస్తానని పట్టుకెళ్ళి పాత పేపర్లవాడికి వేసేశారు. ముందు వారం చివర్లో అతను ఆమె ఉత్తరం అందుకుంటాడు. తరవాతి వారం మొదట్లో ఇద్దరికీ మాటల్లేవు. ఉత్తరంలో ఏముందో, అతనేం అన్నాడో, మూడు నాలుగు రకాలుగా నేనే రాసుకున్నాను, రాత్రిళ్ళు, మనసులో. యాభై ఏళ్ళ పైన అయింది, ఇంకా అప్పుడప్పుడూ ఒక మాట మారుస్తుంటాను.

ఆ నవల ఇప్పుడు ఫోన్లో దొరుకుతుంది, ఆ వారంది చదివి వినిపించనా అని పిల్ల ఫోను తీసింది. నోరుమూసుకుని పడుకోవే, పొద్దున్నే బస్సుంది అన్నాను.