శకలాస్వాదిని: ఒక అట్టపెట్టెకు టీకాతాత్పర్యము

అవతారిక

కొలచల మల్లినాథసూరి, మెదకుసీమలోని పల్లెను ఇంటిపేరుగా ధరించి కాళిదాసకావ్యములకు సంజీవని వ్రాసిన మహానుభావుడు, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిన పట్టెను. అంతటి ప్రతినకు నా శక్తి చాలదు; ఏలయన, నేను వ్యాఖ్యానింపబూనినది కావ్యము గాదు, పెట్టె. ఉద్యోగవిరమణానంతరము నాన్నకు కాలక్షేపము కావలెనని సముద్రముల కావల కాపురమున్న మా అమ్మాయి పంపిన జిగ్‌సా పజిలు పెట్టె. మూతపై అద్దాల బీరువాలో తీర్చిన డోనట్లును, కేకులును, చాక్లెట్లును నిండిన మిఠాయియంగడి బొమ్మ. ప్రక్కను చీమతలకాయలంతటి యక్షరములతో మూడు ఆంగ్లవాక్యములు. వానిని తెనిగించి మూలముగా గ్రహించితిని.

మూలము

వేయి ముక్కలు. మూడేండ్ల లోపు శిశువులకు తగదు. చిన్న ముక్కలు గొంతున కడ్డుపడవచ్చును.

టీక

వేయి: అనగా 1026. ఇది వ్యాఖ్యాత పొరపాటు గాదు. అడ్డముగా 38, నిలువుగా 27 చొప్పున కోయబడిన యీ పటమును గుణించి చూచుకొనువారికి 1026 ముక్కలే తేలును. వేయింటి పెట్టెలని పేరొందినవానిలో పెక్కింటి తీరు ఇదియే. 70 సెంటీమీటర్ల పొడవును 50 సెంటీమీటర్ల వెడల్పును గల అట్టను ఇంచుమించు చదరపు ముక్కలుగా కోయబోయినచో సరిగా వేయి పొసగదు గావున, వర్తకుడు ఇరువదియాఱింటిని కొసరు వేసెనని గ్రహింపవలయును. కూరగాయల బండివానిని బతిమాలి కరివేపాకు రెబ్బ కొసరు పుచ్చుకొను జాతికి, అడుగకయే వచ్చిన కొసరు ఎట్లు రుచింపకుండును? అందు మూలలు 4, తిన్నని అంచు గలవి 122. తక్కిన 900 ముక్కలును నలువైపుల బుడిపెయో గుంటయో కలిగి, ఒకదాని చోటు నింకొకటి ఆక్రమింప జూచుచుండును.

ముక్కలు: ఈ శబ్దము మన భాషలో నానార్థకము. ఆవకాయలోనిది ముక్క, పులుసులోనిది ముక్క, పేకలోనిది ముక్క. ‘వాడికి నాలుగు ముక్కలు వచ్చును’ అన్నచో చదువు, ‘ఒక్క ముక్క చెప్పి పొమ్ము’ అన్నచో మాట. ఇచ్చట దేని ముక్క యని శంక పొడమును గావున, ‘జిగ్‌సా’ యను పదమును అధ్యాహరింపవలెను. జిగ్‌సా యనగా మీదికిని క్రిందికిని ఆడుచు వంపులు కోయు సన్నని ఱంపము. 1760 దశకమున లండనునందు జాన్ స్పిల్స్‌బరీ యను పటముల చెక్కడపువాడు, దేశపటములను మహాగని పలకలకంటించి, రాజ్యముల సరిహద్దుల వెంబడి కోసి, బాలురకు భూగోళము నేర్పుటకై విక్రయించెను. మూడవ జార్జి బిడ్డల పెంపకము చూచిన షార్లట్ ఫించి దొరసాని అట్టి పటములతోనే వారికి పాఠము చెప్పెను. రాజ్యములను ముక్కలు చేయుట ఆ యింటి బాలురకు ఆటగా అలవాటైనదని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆనాడు వస్తువున్నది, ఈ పేరు లేదు. నేడు పేరున్నది, ఱంపము లేదు. ఉక్కు అంచులు దిగవేసిన అచ్చుతో అట్టను అదిమి కోయుచున్నారు. కావున యౌగికమై పుట్టిన పదము కేవలరూఢమై నిలిచినదని శాబ్దికులు గమనింతురు గాక.

మూడేండ్ల లోపు: దిగువ హద్దు చెప్పబడినది, ఎగువ హద్దు చెప్పబడలేదు, కనుక నాబోటివారికి అధికారము సిద్ధించినది.

శిశువులకు తగదు: ఇచ్చట గొప్ప అన్యాయము గలదు. బొమ్మలోని మిఠాయిని మిఠాయియే యని నమ్మి నోట వైచుకొనువాడు శిశువొక్కడే. ఆలంకారికులు భ్రాంతిమంతమని పేరిడి ఉదాహరణములకై వెదకునది వానికి సహజముగా నున్నది. చిత్రకారుని శ్రమను అంత సంపూర్ణముగా మన్నింపగల రసికుని వాకిటనే ఆపివేసి, చక్కెరవ్యాధికి మాత్రలు మ్రింగు నన్ను లోనికి రమ్మనుట ఏ న్యాయమో పెట్టెవారే చెప్పవలెను.

గొంతున కడ్డుపడవచ్చును: పొలమాఱునని యర్థము. పొలమాఱినచో ఎవరో తలచుకొనుచున్నారని మనవారి నమ్మకము. నా విషయమున తలచుకొనునది మా అమ్మాయియే యగును, అచ్చట అర్ధరాత్రమైనను.

తాత్పర్యము

విడిగా నున్నప్పుడు తినగూడనివియు, కలిసిన పిమ్మట తిన వలనుపడనివియు నగు భక్ష్యములు ఇందు గలవని భావము.

విశేషము

ప్రకృతిదృశ్యముల పజిళ్లయందు ఆకాశము శత్రువు. వందలకొలది నీలపు ముక్కలలో ఏది యెచ్చటిదో దైవమెఱుగును. తినుబండారముల పజిలులో ఆకాశము లేదని నేను సంతసించితిని, చాక్లెట్టున్నదని మఱచితిని. మన ఆత్రేయపురపు పూతరేకుల బొమ్మను ఎవరును ఇట్లు కోయలేదని నమ్ముచున్నాను; కోసినచో కూర్చుటకు మనుష్యప్రయత్నము చాలదు.

రంగురంగుల ముక్కలను వేర్పఱచుటకు ఇంటిలోని ఇడ్లీ రేకులను మించిన సాధనము లేదు. గులాబిపూత ఒక గుంటలో, పసుపుపచ్చని క్రీము ఒక గుంటలో, బీరువా చెక్క యింకొక గుంటలో నింపి మూడు దినములు సుఖముగా నుంటిని. నాలుగవ దినము ఆదివారము. పిండి పులిసినది, రేకులు ఖాళీ కాలేదు. ఆనాటి సంభాషణము వ్యాఖ్యానమునకు లొంగదు.

అయినను, కోపము తగ్గిన సాయంకాలము మా యావిడ బల్లకడకు వచ్చి నిలిచినది. పదునాలుగు ముక్కలు గోధుమవన్నెయు తెలుపును కలిసినవి ఎచ్చటను ఇముడక నా చేత మిగిలియుండెను. అవి పింగాణి పళ్లెపు అంచులని నేను సిద్ధాంతము చేసియుంటిని. ఆమె ఒకదానిని తీసి చూచి, “ఏమండీ, ఇది పళ్లెం కాదు. నూనెలో తేలిన పిండికి నడుమ వేగని చార మిగులుతుంది, అది. రెండు పక్కలా తిప్పి వేయించినా నడుం తెల్లగానే ఉంటుంది,” అని డోనట్ల పేర్పు ప్రక్కను పెట్టెను, అది ఇమిడెను. ముప్పదియెనిమిది యేండ్లు ఆమె వేయించినవి తింటిని గాని, వేగు పిండి వంక కన్నెత్తి చూచినవాడను గాను. నా నోరు ఎప్పుడును నా కంటికి ఆ వ్యవధి నీయలేదు. అంగుళమైన లేని ముక్కపై ఆ తెల్లని చాఱను, దాని నానుకొని ఎఱ్ఱబాఱిన వేపును, పైపూత జాఱి గడ్డకట్టిన చోటును నేను తేఱిపాఱ చూచుటకు ఆ భక్ష్యము తినరానిది కావలసివచ్చినది.

పొరుగింటి పంతులుగారు వచ్చి, “తినని గారెకు ఇన్ని తిప్పలేలండీ?” యని పూర్వపక్షము చేసిరి. వారి సమాధానార్థము ఒక చాక్లెట్టు ముక్క చేతికిచ్చితిని. దీపములు పెట్టువేళ దాటినను వారు లేవలేదు.

పదునొకండు దినములు భోజనపుబల్ల యీ విధముగా నాక్రమింపబడియుండగా, మే మిరువురమును నేలపై చాపవేసికొని భుజించితిమి. పండ్రెండవనాడు పటము పూర్తియైనది. దానిని విప్పుటకు నాకు చేతులాడలేదు. చాప ఇంకను మడువలేదు.

ఇది శ్రీమదిడ్లీపాత్రాపహరణప్రవీణ భోజనఫలకాక్రమణధురంధర గృహిణీతర్జనైకభాజన విశ్రాంతోద్యోగి ప్రణీతంబైన శకలాస్వాదిని యందు ప్రథమపేటికావ్యాఖ్యానము సర్వంబు.