పొయ్యి ముట్టించని వాడి వంటింటి చిట్కాలు

వండీ వండీ విసుగొచ్చిందని ఈమధ్య చాలామంది ఇల్లాళ్లు వాపోతున్నారు. ఆ విసుగు వంట వల్ల వచ్చేది కాదు, పద్ధతి తెలియక వచ్చేది. నేను వంట చేయను కాబట్టి ఈ విషయంలో ఏ పక్షపాతమూ లేకుండా సలహా చెప్పగలను.

మొట్టమొదట, పొయ్యి దగ్గరికి వెళ్లే ముందు "ఏం వండమంటారు?" అని ఇంట్లోవాళ్లని అడగండి. పూటపూటా అడగండి. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "ఏదైనా పర్లేదు" అంటారు. ఎంత పెద్ద మనసో చూశారా! ఆ మాట నమ్మి సొరకాయ పప్పు చేశారనుకోండి, కంచం ముందు కూర్చోగానే "సొరకాయా?" అంటారు. అది ఫిర్యాదు కాదు, కూరగాయను గుర్తుపట్టారంతే. "ఏదైనా"లో ఏవేవి చేరవో కొన్నేళ్లు కాపురం చేస్తే మీకే తెలిసిపోతుంది. సొరకాయ చేరదు. నిన్నటి కూర చేరదు. ఉప్మా అసలే చేరదు. కాకరకాయ పిల్లలకు చేరదు గానీ, మామగారికి షుగరు కాబట్టి ఆయనకు చేరుతుంది. అత్తగారికి శనివారం ఉల్లిపాయ ఉండకూడదు, చిన్నవాడికి ఏ రోజూ కరివేపాకు కనబడకూడదు. ఇవన్నీ పోగా మిగిలిందంతా మీ ఇష్టమే. ఇంత స్వేచ్ఛ ఉండి కూడా అలసిపోయామంటే వినేవాళ్లు నవ్వుతారు.

ఇంకా తేల్చుకోలేకపోతే వారం మొత్తానికీ ఒక పట్టిక రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మంగళవారం దొండకాయ వేపుడు, బుధవారం గోంగూర పప్పు, గురువారం గుత్తివంకాయ. ఇక ఆలోచించే పనే ఉండదు. మంగళవారం బండి మీద దొండకాయలు ముదిరిపోయి ఉంటే ఏం చేయాలన్నది చిన్న విషయం, దానికి మాత్రం ఆలోచించండి. పట్టిక వల్ల ఇంకో సౌకర్యం కూడా ఉంది. అదివరకు మీ వంటకే వంకలు పెట్టేవాళ్లు. ఇకనుంచి గురువారం పొద్దున్నే "ఇవాళ వంకాయ అన్నావుగా" అని మీ రాతకు కూడా పెట్టగలుగుతారు.

ఇడ్లీ పిండి మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. పిండి ఉన్న ఇంట్లో విసుగన్నది ఉండదు. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. పప్పు నానబెట్టి, రుబ్బి, రవ్వ కడిగి పిండి, కలిపి, రాత్రంతా పొంగనిస్తే చాలు. మొదటి రోజు ఇడ్లీ, రెండో రోజు దోసె, మూడో రోజు పులిసిన పిండితో గుంటపొంగనాలు. మూడు రోజులు విశ్రాంతే విశ్రాంతి! చట్నీ రోజూ చేసుకోవాలనుకోండి, దాన్ని వంట కింద లెక్కేయకూడదు. గ్రైండర్ కడగడం కూడా అంతే. డిసెంబరు చలికి పిండి పొంగకపోతే మాత్రం అది మీ చేతి మహిమే.

యూట్యూబులో పది నిమిషాల వంటలు చూడండి. తరిగిన ఉల్లిపాయలు, తురిమిన కొబ్బరి, నానిన సెనగపప్పు చిన్నచిన్న గాజు గిన్నెల్లో ముందే సిద్ధంగా ఉంటాయి. ఎవరు తరిగారు, గిన్నెలు ఎవరు తోముతారు అన్న అల్పమైన ప్రశ్నలు అక్కడ ఎవరూ అడగరు. మీరూ అడగకండి.

డబ్బుకు వెనకాడకపోతే వంటమనిషిని పెట్టుకోండి. ఆవిడ పొద్దున్నే వచ్చి, చేతులు కడుక్కుని, మీకేసి తిరిగి "ఏం చేయమంటారమ్మా?" అంటుంది. అప్పుడు మీరు వెళ్లి ఆయన్ని అడగొచ్చు.

మగవాళ్లు సాయం చేయరన్నది ఉత్త అపవాదు. 2024లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా జనం రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్లు సగటున రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారట. మొత్తానికి పెడుతున్నారు కదా! పైగా 2019 సర్వేలో ఆడవాళ్ల లెక్క 299 ఉండేది. అంటే అయిదేళ్లలో రోజుకు పది నిమిషాలు కలిసొచ్చాయి. ఆ పది నిమిషాల్లో నువ్వుల పొడి కొట్టి పెట్టుకోవచ్చు.

మీ ఇంట్లో కూడా ఈ ప్రగతి కనిపించాలంటే ఆదివారం చికెన్ ఆయనకు అప్పగించండి. మీరు వంటింట్లోంచి బయటికి వచ్చేయండి. మరీ దూరం వెళ్లకండి, ధనియాల పొడి ఎక్కడుందో చెప్పాలి. అల్లం వెల్లుల్లి ఫ్రిజ్‌లో ఏ అరలో ఉందో, ఈ మూత ఏ గిన్నెదో, ఉప్పు ఎంతెయ్యాలో చెప్పాలి. చివరికి కూర బ్రహ్మాండంగా కుదురుతుంది. అందరూ మెచ్చుకుంటారు, మీరు కూడా మెచ్చుకోవాలి, నాలుగు రోజులపాటు. మీ చేతి పప్పును ఎప్పుడైనా ఎవరైనా అలా మెచ్చుకున్నారా అని అప్పుడు ఆలోచించకూడదు. గట్టు మీద గిన్నెలున్నాయి, వాటి సంగతి చూడండి.

కర్రీ పాయింట్ వైపు మాత్రం వెళ్లవద్దు. హైదరాబాదులోనూ విజయవాడలోనూ సందుకొకటి ఉంది కదా అని, వేడి అన్నం ఒక్కటీ వండుకుని, పప్పూ సాంబారూ కవర్లలో తెచ్చుకుంటే ఇల్లు ఇల్లులా ఉంటుందా? తప్పనిసరై తెచ్చుకుంటే వెంటనే సొంత గిన్నెల్లోకి వంపేసి, పైన కాస్త పోపు పెట్టండి. తిన్నాక కాసేపు బాధపడండి. బాధపడకుండా తిన్న బయటి కూర ఒంటికి పట్టదు.

ఇవేవీ పనిచేయక జ్వరం వచ్చి పడుకున్నారే అనుకోండి, కంగారు పడకండి. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకోండి. వంటింట్లోంచి కుక్కర్ కూత వినబడితే లెక్కపెట్టకండి. చారు వాసన వస్తే ఎవరు పెట్టారని ఆరా తీయకండి. చిన్నవాడు కరివేపాకు ఏరకుండా తిన్నాడని ఎవరైనా చెప్పినా విననట్టే ఉండండి. జ్వరం తగ్గగానే లేచి, మళ్లీ "ఏం వండమంటారు?" అని అడగండి. అడగడం ఒక్క రోజు ఆలస్యమైనా వాళ్లకు వండుకోవడం అలవాటైపోతుంది. ఆ తర్వాత నా చిట్కాలు చదివేదెవరు?