కదిలిస్తే పోతానట!

ఇన్నోవా క్రిస్టా బానెట్ ఎత్తిన ప్రతివాడూ ఇంజన్ని చూసి తలాడిస్తాడు. దాని వెనక, బండి కడుపు కింద వేలాడే ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని నేను. నా కాపురం తిరుపతిలో, ట్రావెల్స్ బండిలో. 1974లో వేసిన రెండో ఘాట్‌రోడ్డులో కొండెక్కడం, 1944 నాటి మొదటి ఘాట్‌లో దిగడం, మళ్లీ ఎక్కడం. మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది.

నాకు క్లచ్ పెడల్ లేదు గానీ లోపల క్లచ్ పలకలు దండిగా ఉన్నాయి. ఇంజనుకూ నాకూ మధ్య ఉన్నది నూనె బంధం. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను వైపు రెక్కలు ఆయిల్‌ను విసిరికొడితే ఆ తాకిడికి నా వైపు రెక్కలు తిరుగుతాయి, నడిచే ఫ్యాను గాలికి ఎదురుగా పెట్టిన ఫ్యాను కదిలినట్టు. తిన్నని హైవే మీదైతే లాకప్ క్లచ్ బిగిసి రెండింటినీ ఒకటి చేస్తుంది. మలుపు మలుపుకూ వేగం తగ్గి లేచే ఘాట్‌లో ఆ సుఖం తక్కువ. జారిన శక్తంతా వేడి అవుతుంది. ఆ వేడిని మోసేదీ ఆయిలే, క్లచ్‌లను ఒత్తిపట్టేదీ ఆయిలే. పళ్ల చక్రాలకు జారుడు కావాలి, పలకలకు పట్టు కావాలి. రెండూ ఆ ఒక్కటే ఇవ్వాలి. ఆ పట్టు కోసం ఒకప్పుడు అమెరికాలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవాళ్లు. 1970ల మొదట్లో అది నిషేధమయ్యాక రసాయనాలు వెతుక్కున్నారు. నా తాతల తిండి అది!

ఎర్రగా పోసిన ఆయిల్ నాలో నల్లబడింది. డ్రైవ్‌లో వేస్తే ఒక క్షణం ఆలోచించి కదిలేదాన్ని. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు వెనక సీటు భక్తులు ‘గోవిందా’ అనేంత కుదుపు.

‘‘అన్నా, ఇంత తిరిగిన బండికి ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతాదంట కదా?’’ అన్నాడు మా డ్రైవరు షెడ్డులో మేస్త్రీతో.

‘‘పోయేదానికి మారిస్తే పోతాది నాయనా. పలకలు అరిగి జారతా ఉంటే అప్పుడు నా కాడికి తెస్తారు. కొత్తాయిల్ పోస్తా. నాలుగు దినాలకు పడుకుంటాది. చెడ్డపేరు ఆయిలుకు!’’

మేస్త్రీ మాట నిజం. అయితే ఆ భయం పూర్తిగా వట్టిది కాదు. మిషన్ పెట్టి ఒక్కసారిగా కడిగేస్తే, ఏళ్లుగా అడుగున పేరుకున్న మడ్డి లేచి, ఆయిల్‌ను పంచే వాల్వ్ బాడీ సన్నదారుల్లో ఇరుక్కోవచ్చు. ఈయన ఆ జోలికి పోలేదు. డ్రెయిన్ బోల్టు విప్పి, పడిన ఆయిల్‌ను వేలికి రాసుకుని వాసన చూశాడు. మాడు వాసన లేదు. అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ దించి, అందులోని అయస్కాంతాలు తుడిచాడు. బూడిదరంగు మెత్తటి ముద్ద వచ్చింది. అది మామూలు అరుగుదల. మెరిసే ఇనుప పెచ్చులు తగిలి ఉంటే నా కథ వేరు.

ఎంత పడిందో కొలిచి అంతే పోశాడు. నాకు డిప్‌స్టిక్ లేదు. బండి ఇంజను నడుస్తుండగా, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు లెవెల్ బోల్టు విప్పితే సన్నటి ధార కారాలి. ఎక్కువైనా తక్కువైనా నాకు చేటే.

కొన్ని కంపెనీలు ఈ ఆయిల్ జీవితాంతం చాలునంటాయి. ఎవరి జీవితాంతమో చెప్పవు. గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

కుదుపు తగ్గింది, పోలేదు. కన్వర్టర్‌లో పాతాయిల్ ఇంకా ఉంది. ఛాంబర్‌లోంచి కారేది మొత్తంలో కొంతే. వెయ్యి కిలోమీటర్లు తిప్పి మళ్లీ రమ్మన్నాడు మేస్త్రీ.

‘‘ఈసారి ఆయిల్ నేనే తెస్తాలే అన్నా, అంగట్లో అగ్గవ.’’

‘‘తే. డబ్బా మీద దీనికి పోసే రకం, డబ్ల్యూఎస్ అని ఉండాదేమో చూసి తే. ఎర్రగా ఉండాది గదాని పవర్ స్టీరింగ్ ఆయిల్ తెచ్చేవు.’’