తాళం పడిన పెరట్లో వానపామును నేను

నేను వానపామును. కొత్తగూడెంలో పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లాక తాళం పడిన ఇళ్ల పెరళ్లలోనే నా కాపురం. నాకు కళ్లు లేవు, చెవులు లేవు. చర్మంతోనే గాలి పీలుస్తాను, అందుకే తడి ఉంటేనే బతుకు. ఇక్కడి ఎండలకు లోపలికి దిగి, ముద్దలా చుట్టుకుని, తొలకరి దాకా కదలకుండా పడుకుంటాను. పిచ్చిచెట్లు కమ్మేసిన పెరటిని చూసి ఇంటివాళ్లు తోట చచ్చిపోయిందనుకుంటారు. నేలకేమీ కాలేదు. ఎవరూ ఊడ్చి తగలబెట్టని వేపాకు, మామిడాకు ఏళ్ల తరబడి మగ్గి మాకు తిండైంది. దాన్ని మట్టితో కలిపి తిని పైకి తెచ్చి వదులుతాం. ఇంగ్లండ్‌లో మావాళ్లు ఎకరాకు ఏటా 10 టన్నులకు పైగా మట్టిని ఇలా పైకి తెస్తారని చార్లెస్ డార్విన్ 1881లో వచ్చిన తన పుస్తకంలో లెక్కగట్టాడు. ఇక్కడి ఎర్రచెల్కకు అదే లెక్క సరిపోతుందని నేననను. పని మాత్రం అదే. వాన నేలలోకి ఇంకడానికి మా బొరియలూ దారులే.

కాబట్టి తోట బాగుచేసేవాళ్లు పైనున్నది తీయాలి, కిందున్నది కదపకూడదు. జేసీబీ ఒక్క పూటలో పిచ్చిమొక్కలతో పాటు పై జానెడు మట్టినీ గీకేస్తుంది. సింగరేణి బొగ్గు గనుల ఊరికి ఆ మట్టి విలువ తెలియనిది కాదు: ఓపెన్ కాస్ట్ గనుల్లో పైమట్టిని విడిగా పోసి, తర్వాత మొక్కల పెంపకానికి వాడాలని పర్యావరణ అనుమతుల్లోనే షరతు ఉంటుంది. గనికున్న నియమం పెరటికెందుకొద్దు? పైగా తవ్వకంతో వెలుతురు చూసిన వయ్యారిభామ కలుపు గింజలు ఒక్క వానకే మొలుస్తాయి. దాన్ని పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాలి. 19వ శతాబ్దం మొదట్లో అందం కోసం కలకత్తా తోటకు తెచ్చిన లంటానా మరింత మొండిది. నరికినా కాల్చినా మళ్లీ చిగురిస్తుంది. తల్లివేరును మట్టి కింద గునపంతో తెంచి పెకలిస్తేనే పోతుంది.

పాముల భయం ఉంది కదా అంటారు. అడవి అంచు ఊళ్లో అది న్యాయమైన భయమే. అయితే పాము వచ్చేది ఎలుకల కోసం. దాక్కునేది రాళ్ల కుప్పల్లో, పాత కట్టెల్లో. వాటిని ముందు తీయించి, గుమ్మం నుంచి బావి దాకా దారి తెరిపి చేసి, పట్టపగలు, బూట్లు తొడుక్కుని, కర్రతో తడుముతూ లోపలికి సాగాలి. రాళ్ల కుప్ప మిగిలితే జేసీబీ వచ్చిపోయినా పాము పోదు. కూలీలు దొరకరు, సెలవు నాలుగు రోజులే అన్నది ఇంతకంటే బరువైన మాట. అలాంటప్పుడు పెరట్లో ఒక మూలే బాగుచేయండి. మిగతా చోట వయ్యారిభామ గింజ కట్టకుండా కోయించి వదిలేయండి. వచ్చే వానల దాకా ఆ నేలను మేం చూసుకుంటాం. తొలకరి పడ్డాక ఒకచోట జానెడు లోతు తవ్వి చూడండి. మేం కనిపిస్తే యంత్రాన్ని గేటు దాటనివ్వకండి.